భాగస్వామ్య విమానాల్లో మైళ్ల టికెట్లు: అమెరికా–హైదరాబాద్ దారి

ఒక విమాన సంస్థ దగ్గర కూడబెట్టుకున్న మైళ్లు చెల్లించి, దానితో ఒప్పందం ఉన్న మరో సంస్థ విమానంలో బిజినెస్ క్లాసు సీటో ఫస్టు క్లాసు సీటో తీసుకోవడాన్ని భాగస్వామ్య అవార్డు ప్రయాణం అంటారు. వాడుకలో మైల్స్ మీద టికెట్ తీయడం అనే మాటే ఎక్కువ. అమెరికాలో వ్యాపారస్తులను కట్టి పడేసుకోవడానికి పుట్టిన ఏర్పాటు ఇది. తెలుగువాళ్ల చేతుల్లో దీనికి ఇంకో మంచి ఉపయోగం దొరికింది. అక్కడ ఉద్యోగం చేసే కొడుకో కూతురో, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలను కాళ్లు చాపుకుని పడుకునే సీట్లో పిలిపించుకోగలుగుతున్నారు. డబ్బు పెట్టి కొనాలంటే ఒకరి టికెట్టే లక్షల్లో ఉండే సీటు అది.

పుట్టుక

1978 దాకా అమెరికాలో ఏ విమానం ఏ దారిలో తిరగాలో, టికెట్ ఎంత ఉండాలో ప్రభుత్వ మండలి నిర్ణయించేది. ఆ ఏడాది అక్టోబరు 24న వచ్చిన చట్టం ఆ పగ్గాలు వదిలేసింది. పోటీ పెరిగింది, ధరలు పడిపోయాయి. పాత ప్రయాణికుణ్ణి నిలుపుకోవడానికి కొత్త దారులు వెతకాల్సి వచ్చింది. 1979లో టెక్సస్ ఇంటర్నేషనల్ మైళ్ల లెక్కన బహుమతి ఇవ్వడం మొదలుపెట్టింది. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆడ్వాంటేజ్ పథకాన్ని ప్రకటించింది. ఆ సంస్థ చేతిలో సేబర్ అనే రిజర్వేషన్ కంప్యూటర్ ఉండేది. అందులో మళ్లీ మళ్లీ కనిపించే ఫోను నంబర్లను ఏరి, తరచూ తిరిగేవాళ్లెవరో పట్టుకున్నారు. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ కూడా తన పథకంతో ముందుకొచ్చింది.

విమానం ఎక్కకుండానే మైళ్లు సంపాదించే దారి 1980లలోనే తెరుచుకుంది. 1987లో సిటీ బ్యాంకు ఆడ్వాంటేజ్ కార్డు వచ్చింది. అప్పటి నుంచి విమాన సంస్థలు మైళ్లను బ్యాంకులకు టోకున అమ్ముతున్నాయి. బ్యాంకులు వాటిని ఖర్చు పెట్టే ఖాతాదారుకు పంచుతున్నాయి. ఈ అమ్మకం ఎంత పెద్దదో కరోనా కాలంలో లోకానికి తెలిసింది. విమానాలు నేల మీద నిలిచిపోయిన 2020లో యునైటెడ్ తన మైళ్ల పథకాన్నే తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంది. 2021 మార్చిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అదే పద్ధతిలో 1000 కోట్ల డాలర్లు సమకూర్చుకుంది.

పొత్తులు, సీటు లెక్క

1997 మే 14న యునైటెడ్, లుఫ్తాన్సా, ఎయిర్ కెనడా, థాయ్, ఎస్ఏఎస్ కలిసి స్టార్ అలయన్స్ కట్టాయి. 1999 ఫిబ్రవరి 1న వన్‌వరల్డ్, 2000 జూన్‌లో స్కైటీమ్ వచ్చాయి. ఒక సంస్థ మైళ్లతో ఇంకో సంస్థ విమానం ఎక్కడం అంతకు ముందూ ఉండేది గానీ, అది ఇద్దరి మధ్య ఒప్పందాలకే పరిమితం. పొత్తులతో ఒక ఖాతాలోని మైళ్లు ప్రపంచమంతా చెల్లుబాటయ్యాయి. సరిగ్గా అదే కాలంలో, 2000లో, బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాసులో పూర్తిగా మంచంలా పరుచుకునే సీటు పెట్టింది. మిగతావాళ్లు ఆ దారి పట్టక తప్పలేదు. అంతకు ముందు మోకాళ్లకు కొంచెం చోటు ఎక్కువ దొరికే బహుమతిగా ఉన్నది, ఆ తర్వాత రాత్రంతా నిద్ర అయింది.

ఇక్కడ సీటు ఎలా దొరుకుతుందో చెప్పాలి, ఎందుకంటే దీని లోతు తెలియకే చాలామంది పాయింట్లు ఉండి కూడా టికెట్ లేదని నిరాశపడుతున్నారు. మనం అమెరికన్ మైళ్లతో ఖతార్ ఎయిర్‌వేస్ విమానం ఎక్కితే, అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఖతార్‌కు ముందే కుదుర్చుకున్న ధర కడుతుంది. ఆ ధర కౌంటరు దగ్గర అమ్మే ధరలో చిన్న భాగం. కాబట్టి నడిపే సంస్థ డబ్బుకు అమ్ముడుపోతుందనుకున్న సీటును భాగస్వామికి ఇవ్వదు, మిగిలిపోతుందనుకున్నదే ఇస్తుంది. సంత ఎత్తేసే వేళకు కూరగాయల ధర తగ్గించే రైతు లెక్కే ఇది. విమానం తలుపు మూశాక ఖాళీ సీటుకు విలువ లేదు.

అందుకే ఆ సీట్లకు వేరే అక్షరాలు ఉంటాయి. స్టార్ అలయన్స్‌లో ఎకానమీ అవార్డుకు ఎక్స్, బిజినెస్‌కు ఐ, ఫస్టుకు ఓ. విమానంలో పది బిజినెస్ సీట్లు ఖాళీగా కనిపిస్తున్నా ఐ అక్షరం కింద సున్నా ఉంటే భాగస్వామికి సీటు లేనట్టే. ఆ సున్నా ఎక్కువగా రెండు వేళల్లో మారుతుంది: టికెట్ల అమ్మకం తెరిచే సమయంలో, అంటే దాదాపు ఏడాది ముందు, లేదా బయల్దేరడానికి రెండు వారాల లోపు. జూన్, డిసెంబరు సెలవుల్లో ఒకే విమానంలో రెండు సీట్లు కోరుకునే తెలుగు కుటుంబానికి ఇది కష్టమైన లెక్క. తమ సొంత సభ్యులకు కొన్ని సంస్థలు ఇంకొన్ని సీట్లు విడిగా ఉంచుతాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ సుదూర విమానాల బిజినెస్ సీట్లు భాగస్వాముల మైళ్లకు అరుదుగా చిక్కుతాయి. దాని సొంత క్రిస్‌ఫ్లయర్ మైళ్లు ఉన్నవాళ్లకే అవి అందుతాయి.

హైదరాబాద్ దారి

1990 నాటి అమెరికా వలస చట్టంతో వచ్చిన హెచ్1బి వీసాలు, ఆ దశకం చివర వై2కె (2000 సంవత్సరపు కంప్యూటర్ తేదీల చిక్కు) పనులు తెలుగు ఇంజనీర్లను పెద్ద సంఖ్యలో అటు తీసుకెళ్లాయి. అప్పట్లో బేగంపేట నుంచి యూరప్ మీదుగా వెళ్లే దారులు కొద్దే. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. ఆ అర్ధరాత్రి దాటాక దిగిన మొదటి అంతర్జాతీయ విమానం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చిన లుఫ్తాన్సాది. యునైటెడ్ మైళ్లున్న వాళ్లకు అది సొంత విమానంతో సమానం. తర్వాత ఆ సర్వీసు ఆగిపోయి, 2024 జనవరిలో తిరిగి వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కేఎల్ఎం 2025 సెప్టెంబరులో వచ్చి స్కైటీమ్ మైళ్లకు దారి ఇచ్చింది.

మన దేశపు సంస్థల కథ ఇంత సాఫీగా నడవలేదు. ఎయిరిండియాను స్టార్ అలయన్స్ 2007 డిసెంబరులో ఆహ్వానించింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌తో విలీనపు చిక్కుల్లో షరతులు నెరవేరక 2011లో ఆ ప్రయత్నం ఆగింది. చివరికి 2014 జులై 11న చేరింది. కింగ్‌ఫిషర్ 2012 ఫిబ్రవరి 10న వన్‌వరల్డ్‌లో చేరాల్సి ఉండగా, వారం ముందు అది నిలిచిపోయింది. ఆ ఏడాదే సంస్థ ఎగరడం మానేసింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది గానీ, దాని పాయింట్లు వేరే కంపెనీ చేతిలో ఉండటంతో ఇంటర్‌మైల్స్ పేరుతో కొంతకాలం బతికాయి. ఎయిరిండియా 2021 జనవరిలో హైదరాబాద్–షికాగో నేరు విమానం మొదలుపెట్టింది. తెలుగు నేల నుంచి అమెరికాకు మధ్యలో దిగకుండా వెళ్లిన మొదటి సర్వీసు అదే. అది నిలబడకపోవడం ఈ దారి చరిత్రలో పెద్ద లోటు. 2024 నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిశాక, రెండింటి సభ్యుల పాయింట్లు మహరాజా క్లబ్ కిందికి చేరాయి.

వీటన్నిటికంటే తెలుగు ఇళ్లలో ఎక్కువ పేరు తెచ్చుకున్నది దోహా దారి. ఖతార్ ఎయిర్‌వేస్ 2013 అక్టోబరులో వన్‌వరల్డ్‌లో చేరింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2016 మార్చి 22న అమల్లోకి తెచ్చిన పట్టికలో అమెరికా నుంచి భారత ఉపఖండానికి బిజినెస్ క్లాసు ఒకవైపు 70,000 మైళ్లు. మరుసటి ఏడాది ఖతార్ తలుపు మూసుకోగల క్యూసూట్ సీటు తెచ్చింది. 2018లో ఈ రెండు సంస్థలూ తగవు పడి, ఒకరి విమానాల్లో మరొకరు తమ నంబరుతో టికెట్లు అమ్మే కోడ్‌షేర్ ఏర్పాటును రద్దు చేసుకున్నాయి. అయినా పొత్తు నియమం వల్ల మైళ్ల టికెట్లు ఆగలేదు. 2020 ఫిబ్రవరిలో మళ్లీ కలిసిపోయాయి.

దమ్మపేట, సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటలున్న పల్లెల నుంచి వెళ్లేవాళ్లకు ఈ నిద్ర విలువ ఇంకా ఎక్కువ. దమ్మపేట నుంచి శంషాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. ఖమ్మం మీదుగా ఆ రోడ్డు ప్రయాణం అయ్యాక విమానాశ్రయంలో గంటల నిరీక్షణ, దోహాకు నాలుగు గంటలు, అక్కణ్ణుంచి డాలస్‌కు పదహారు గంటల దరిదాపు. మోకాళ్ల నొప్పులున్న 70 ఏళ్ల మనిషి ఇదంతా కూర్చునే చేయాలంటే అది శిక్షే. పిల్లలు మైళ్లు ఖర్చు పెట్టడానికి ఇంతకంటే సరైన చోటు లేదని ఈ వ్యాసకర్త నమ్మకం. విజయవాడ దగ్గరి గన్నవరం విమానాశ్రయం ఈ ప్రాంతానికి ఇంకా దగ్గర. యునైటెడ్ లేదా ఎయిర్ కెనడా మైళ్లతో గన్నవరం–ఢిల్లీ, ఢిల్లీ–అమెరికా ఎయిరిండియా విమానాలను ఒకే టికెట్‌గా తీసుకునే వీలుంది.

ధరలు, కోర్టులు

మైళ్ల విలువ పడిపోవడమే ఈ పథకాల చరిత్రలో మారని ధోరణి. పైన చెప్పిన 2016 పట్టికే ఫస్టు క్లాసును 90,000 నుంచి 115,000కు పెంచింది. డెల్టా 2015లో, యునైటెడ్ 2019లో ధరల పట్టికలనే తీసేశాయి. ఎదురు పోయినవి కొన్నే: ఎయిర్ కెనడా 2020 నవంబరు 8న ఏరోప్లాన్‌ను తిరగరాసి, సంస్థలు టికెట్ మీద అదనంగా వేసే సర్‌చార్జీని ఎత్తేసింది. అవియోస్ పాయింట్లతో బ్రిటిష్ ఎయిర్‌వేస్ టికెట్ తీసినవాళ్లకు ఆ సర్‌చార్జీ బరువు బాగా తెలుసు.

మైళ్ల నియమాలను సంస్థలు ఇష్టానుసారం మార్చడం మీద ప్రయాణికులు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1988లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పాత మైళ్లకు కూడా కొత్త ఆంక్షలు వర్తింపజేసింది. దాని మీద వేసిన వోలెన్స్ కేసులో 1995లో కోర్టు, వినియోగదారుల మోసం చట్టాల కింద దావా చెల్లదనీ, ఒప్పందం ఉల్లంఘించారని మాత్రం అడగవచ్చనీ చెప్పింది. 2014 ఏప్రిల్ 2న గిన్స్‌బర్గ్ కేసులో ఇంకో అడుగు వెనక్కి వేసింది. ఫిర్యాదులు మరీ ఎక్కువ చేశాడని నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ ఒక సభ్యుడి ఖాతా తీసేస్తే, సద్భావంతో నడుచుకోవాలనే వాదన 1978 చట్టం ముందు నిలవదని ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. ప్రయాణికుడికి పోటీ మేలు చేస్తుందని తెచ్చిన చట్టమే అతనికి అడ్డం పడింది.

భారతీయ కార్డులదీ అదే బాట. యాక్సిస్ బ్యాంకు మాగ్నస్ కార్డు మీద 2023 ఆగస్టు దాకా లక్ష పాయింట్లు బదిలీ చేస్తే 80,000 మైళ్లు వచ్చేవి. సెప్టెంబరు 1 నుంచి 40,000 అయ్యాయి. పైగా బ్యాంకు నుంచి విమాన సంస్థకు వెళ్లిన పాయింట్లు వెనక్కి రావు. సీటు కంటపడ్డాకే బదిలీ చేయాలని అనుభవం ఉన్నవాళ్లు చెప్పేది అందుకే.

పేరు, టికెట్ నంబరు

ఎవరి కోసం తీయవచ్చన్న దాని మీదా నియమాలు వేరు. అమెరికన్, యునైటెడ్ మైళ్లతో ఎవరికైనా తీయవచ్చు. క్రిస్‌ఫ్లయర్‌లో ముందే నమోదు చేసిన ఐదుగురికే. జపాన్ ఏఎన్ఏలో రెండు తరాల లోపు బంధువులకే.

తెలుగు పేర్లతో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు ఇంకో గడిలో ఉంటుంది. కొందరికి రెండూ ఒకే గడిలో ఉండి రెండోది ఖాళీ. అలవాటు కొద్దీ ఇనీషియల్‌తో బుక్ చేస్తే, భాగస్వామ్య టికెట్ మీద పేరు మార్చడం చాలాసార్లు కుదరదు. రద్దు చేసి మళ్లీ తీయాలి, ఈలోగా సీటు పోవచ్చు.

టికెట్ నంబరులో మొదటి మూడు అంకెలు దాన్ని జారీ చేసిన సంస్థవి: అమెరికన్‌కు 001, ఎయిర్ కెనడాకు 014, యునైటెడ్‌కు 016, ఎయిరిండియాకు 098, ఖతార్‌కు 157. తల్లిదండ్రులు ఎక్కేది ఖతార్ విమానమే అయినా, నంబరు 001తో మొదలైతే తేదీ మార్పు చేయాల్సింది అమెరికన్ ఎయిర్‌లైన్సే. నడిపే సంస్థ దగ్గర అదే ప్రయాణానికి వేరే పీఎన్ఆర్ ఉంటుంది. వీల్‌చైర్, భోజనం, సీటు నంబరు ఆ రెండో పీఎన్ఆర్ మీద నమోదు చేయించాలి. రెండు నంబర్లూ కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టి పంపితే, దోహాలో విమానం తప్పినా కౌంటరు దగ్గర చూపించడానికి అమ్మానాన్నల చేతిలో అవి ఉంటాయి.