శిశుజీర్ణవ్యాధులు: ప్రోబయాటిక్కులు, ఎంజైములు

నెలల బిడ్డలు మొదలుకొని అయిదేండ్ల పిల్లల వఱకు మాటిమాటికి వచ్చు కడుపునొప్పికిని, మలబద్ధమునకును, 14 దినములకు మించి సాగు విరేచనములకును మేలుచేయు సూక్ష్మజీవులను సజీవముగనో, జీర్ణరసములందలి ఎంజైములనో ఔషధముగ నిచ్చుట నేడు విరివిగ వాడుకలో నున్నది. ఈ రెండును ఒకే మందుచీటిలో తఱచుగ జంటగా వ్రాయబడుటచే ఏకజాతీయములుగ తోచునుగాని, వీని చరిత్రయు, పనిచేయు తీరును, వీనికిగల ప్రమాణమును వేఱువేఱు.

తల్లిపాలు త్రాగు శిశువుల మలమునుండి బైఫిడోబాక్టీరియమును పారిస్ నగరపు పాస్చర్ సంస్థయందు హెన్రీ టిస్సియే వేఱుపఱచెను. ఇది 1899లో జరిగెనని పలువురు వ్రాయుదురు. ఆతని పరిశోధనగ్రంథము వెలువడినది 1900లో గనుక ఆ సంవత్సరమును గైకొనుట నిరపాయము. విరేచనములతో బాధపడు శిశువులకు ఈ జీవిని ఇచ్చి చూడవచ్చునని సూచించినవాడును ఆతడే. పులిసిన పాలను దీర్ఘాయువునకు ముడివెట్టిన మెచ్నికాఫ్ పేరే ఈ సందర్భమున ముందుగ వినబడుచుండును. కాని ఆయన చూపు వార్ధక్యముమీద నుండినది గావున, బాలవైద్యమున ఈ పద్ధతికి మూలపురుషుడు టిస్సియే యనుటయే న్యాయము. సాక్కరోమైసెస్ బౌలార్డీ అను ఈస్టును హెన్రీ బౌలార్డ్ ఇండోచైనాలో లీచీ, మాంగోస్టీన్ పండ్లనుండి సంగ్రహించినది 1920లో ననియు, 1923లో ననియు రెండు కథనములు గలవు.

ప్రోబయాటిక్కుల ఫలితము జీవి పేరునుబట్టి గాక, దానిలోని తెగనుబట్టియు, రోగమునుబట్టియు మాఱును. శిశువుల కడుపునొప్పి యేడ్పునకు లాక్టోబాసిల్లస్ ర్యూటరీ చుక్కలు మేలుచేసినవని 2007లో ఇటలీలోని ట్యూరిన్ వైద్యులు ప్రకటింపగా, 2014లో మెల్బోర్న్ నగరమున 167 మంది శిశువులపై జరిగిన పరీక్షలో ఆ మేలు కనబడలేదు. ట్యూరిన్ బిడ్డలు తల్లిపాలవారు. మెల్బోర్న్‌లో పోతపాల బిడ్డలును చేరిరి. 2018లో నాలుగు పరీక్షలను కలిపి చూచినవారు తల్లిపాల బిడ్డలకే ఉపయోగమున్నదని తేల్చిరి. రెండు వాదములలో ఇదియే సమంజసముగ కనబడును. అదే సంవత్సరము అమెరికా, కెనడాలలో 1,800కు పైబడిన పిల్లలపై జరిగిన రెండు పరీక్షలలో అప్పటికప్పుడు వచ్చిన వాంతివిరేచనములకు ప్రోబయాటిక్కులు అక్కఱకు రాలేదు. ఐరోపా బాలజీర్ణవ్యాధి నిపుణుల సంఘము 2023లో మలబద్ధమునకు వీనిని సిఫారసు చేయలేదు. మెడ త్రుంచి నేరుగ నోట పోయు 5 మి.లీ. ప్లాస్టిక్ సీసాలోని బాసిల్లస్ క్లాసీ మనదేశమున మిక్కిలి ప్రచారముగలదే గాని, దాని ప్రచారమంతటిది కాదు దాని ప్రమాణము.

ఎంజైముల సంగతి సూటియైనది: ఏది కొఱవడెనో దానినే ఇయ్యవలెను. సిస్టిక్ ఫైబ్రోసిస్ వ్యాధిని 1938లో డొరతీ ఆండర్సన్ వర్ణించెను. అందు క్లోమరసము ప్రేగుకు చేరక, బిడ్డ ఎంత తినినను బరువెక్కక, జిడ్డుతేలి దుర్వాసనగల మలము విసర్జించును. క్లోమరసపు ఎంజైములు గల పాంక్రియాటిన్ గుళికలు వీరికి ప్రాణాధారములు. మింగలేని బిడ్డకు గుళికను విప్పి, అందలి రేణువులను ఆపిలు గుజ్జువంటి పుల్లని మెత్తని పదార్థముపై చల్లి, నమలనీయక వెంటనే తినిపింతురు. మోతాదు మీఱిన ప్రమాదము గలదు: అధికమాత్రలు పొందిన పిల్లలలో పెద్దప్రేగు ఇఱుకుపడుట 1994లో ఇంగ్లండున బయటపడగా, బరువు కిలో ఒక్కింటికి దినమునకు 10,000 లైపేసు యూనిట్లు మించరాదని నిర్ణయించిరి.

ఇక ఆకలి పుట్టించునని అమ్ముడగు సీసామందులలో పెప్సినును, ఫంగల్ డయాస్టేసును కలసియుండుట సాధారణము. డయాస్టేసు 1894లో జోకిచి తకమీనె కోజి బూజునుండి తీసిన మందునకు వారసురాలు. పెప్సినునకు కడుపులోని తీక్ష్ణామ్లము కావలెను. డయాస్టేసునకు అదియే గిట్టదు. క్లోమము చక్కగ నున్న బిడ్డకు ఈ జంటవలన లాభమనుటకు గట్టి సాక్ష్యము లేదు. విరేచనముల పిమ్మట ప్రేగుపొర దెబ్బతిని, పాలచక్కెరను అరిగించు లాక్టేసు తగ్గుట మాత్రము నిజము. ఆ పొర కొలది వారములలో తానుగా కోలుకొనును గనుక తల్లిపాలు మాన్పింపరాదు. పెరుగులోని సజీవ సూక్ష్మజీవులు పాలచక్కెర అరుగుదలకు తోడ్పడును గనుక, అన్నము తిను బిడ్డలకు మజ్జిగన్నము పెట్టు మన ఆచారమునకు శాస్త్రాధారము గలదు.

నెలలు నిండక పుట్టిన శిశువులకును, రోగనిరోధకశక్తి క్షీణించినవారికిని సజీవ సూక్ష్మజీవులు అపాయకరములు కావచ్చును. నెలలు నిండక పుట్టిన శిశువొకడు మరణించిన పిమ్మట 2023లో అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ హెచ్చరిక చేసెను. మలమున రక్తము, బరువు తగ్గుట, నొప్పిచే రాత్రి నిద్ర మేల్కొనుట ఉన్నచో మందు మార్చుటకు ముందు పరీక్ష చేయింపవలెను. గోధుమ గిట్టని సీలియాక్ వ్యాధియందు గోధుమను మానుటకు బదులుగ ఏ ఎంజైమును నేటివఱకు ఆమోదింపబడలేదు.