రోలాండ్‌ను చంపిందెవరు?

తొమ్మిదో తరగతిలో సోషల్ సారు టూర్స్ యుద్ధం చెబుతూ, ఆ రోజు ఛార్లెస్ మార్టెల్ గెలవకపోయి ఉంటే యూరపంతా తురకల పాలయ్యేది అన్నాడు. క్లాసంతా నా వైపు తిరిగి చూసింది. 732లో ఫ్రాన్సులో ఓడిపోయింది నేనే అయినట్టు తలొంచుకున్నాను. ఆ ఓటమిని చాలా ఏళ్ళు మోశాను.

తర్వాతెప్పుడో పుస్తకాలు వెతుక్కుని చదివాను. యుద్ధం జరిగిన మాట నిజమే. స్పెయిన్ గవర్నర్ అబ్దుల్ రహమాన్ అల్ ఘాఫికీ అందులోనే చనిపోయాడు. అయితే ఛార్లెస్ సాయం కోరిన అక్విటేన్ డ్యూక్ యూడో, కొద్ది ఏళ్ళ ముందే మునూజా అనే బెర్బర్ ముస్లిం సేనానికి కూతుర్నిచ్చి వియ్యమందినవాడు. 721లో తులూజ్ దగ్గర ముస్లిం సేనను ఓడించిందీ ఆయనే. ఈ వియ్యం సంగతి మా సారు చెప్పలేదు. ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు.

అసలు విచిత్రం రోన్సెవాల్‌ది. 778లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ పిరనీస్ కొండలు దాటి స్పెయిన్‌లోకి వచ్చాడు. రమ్మని పిలిచింది ముస్లింలే! కార్డోబా అమీర్‌తో పడని బార్సిలోనా పాలకుడు సులేమాన్ అల్ అరబీ, ఆయన తోటివాళ్ళు. తీరా వస్తే జరగోజా కోట తలుపులు తెరుచుకోలేదు. తిరిగిపోతూ షార్లమేన్ బాస్కుల ఊరు పాంప్లోనా గోడలు కూలగొట్టాడు. ఆగస్టు 15న కనుమలో బాస్కులు మాటు వేసి ఆయన వెనక దండును నరికేశారు. చచ్చినవాళ్ళలో బ్రిటనీ సరిహద్దు అధికారి రోలాండ్ ఒకడు. చంపింది బాస్కులేనని షార్లమేన్ ఆస్థానంలో మెలిగిన ఐన్‌హార్డే రాశాడు.

మూడు వందల ఏళ్ళ తర్వాత, క్రూసేడుల కాలంలో, ‘రోలాండ్ గీతం’ వచ్చింది. అందులో బాస్కులు లేరు. వాళ్ళ చోట లక్షల మంది సారసెన్లు వచ్చి కూర్చున్నారు. వాళ్ళు విగ్రహాలను పూజిస్తారట, వాటిలో మహమ్మద్ కూడా ఒక విగ్రహమట! విగ్రహమే వద్దన్న మతానికి విగ్రహం అంటగట్టిన కవికి, చేయని హత్య అంటగట్టడం ఒక లెక్కా? ఐన్‌హార్డ్ రాసింది పండితుల అలమరాల్లో ఉండిపోయింది. పాట మాత్రం ఊరూరా తిరిగింది.

స్పెయిన్ వీరుడు ఎల్ సిద్ కథా ఇంతే. రాజు ఆరవ అల్ఫోన్సో 1081లో వెళ్ళగొడితే ఆయన జరగోజా ముస్లిం పాలకుల కొలువులో చేరాడు. మరుసటేడు అల్మెనార్ దగ్గర వాళ్ళ తరఫున పోరాడి, బార్సిలోనా క్రైస్తవ కౌంటును బందీగా పట్టుకున్నాడు. 1094లో వలెన్సియాను తనకోసమే గెలుచుకుని అక్కడి ఖాజీని సజీవంగా కాల్పించినవాడూ ఆయనే. కాబట్టి ఆయన్ను సెక్యులర్ వీరుణ్ణి చేసి మురిసిపోనక్కర్లేదు. సిద్ అంటే సయ్యిదీ, నా దొర అని. మన సయ్యద్ సాబుల పేరే.

1492 జనవరి 2న గ్రెనడా లొంగిపోయింది. మీ మతం, మీ మసీదులు మీవేనని ఒప్పందంలో రాసిచ్చారు. పదేళ్ళకే మతం మారతారా, దేశం విడుస్తారా అన్నారు. మారినా వదల్లేదు. 1567లో కొత్త ఆజ్ఞ: అరబీ మాట్లాడకూడదు, ఆడవాళ్ళు ముసుగు వేయకూడదు, హమామ్‌కు పోకూడదు, శుక్రవారం ఇంటి తలుపులు తెరిచి ఉంచాలి. బాప్తిస్మం తీసుకున్న క్రైస్తవుల మీద ఈ నిఘా!

అప్పుడు ఫ్రాన్సిస్కో నూన్యెస్ ములే అనే ముసలాయన అధికారులకు ఒక అర్జీ రాశాడు. నన్నడిగితే, స్పెయిన్ చరిత్రలో పెద్ద యుద్ధం ఇదే. ఆయన వాదన చాలా మామూలుగా ఉంటుంది. ఈ బట్టలు మతానివి కావు, ఈ ప్రాంతానివి. తూర్పు దేశాల క్రైస్తవులు అరబీ మాట్లాడతారు, అంతమాత్రాన క్రైస్తవులు కాకుండా పోయారా? ఒక్క భాషే వచ్చిన ముసలివాళ్ళు ఇప్పుడు కొత్తది ఎలా నేర్చుకుంటారు? బట్టలన్నీ మార్చమంటే బీదవాళ్ళు డబ్బెక్కణ్ణుంచి తెస్తారు? ఇవాళ్టికీ మన ఇళ్ళల్లో బుర్ఖా గురించి, ఉర్దూ గురించి మాట్లాడుతుంటే నాకు ఈ ముసలాయనే గుర్తొస్తాడు.

అర్జీని ఎవరూ పట్టించుకోలేదు. 1568లో తిరుగుబాటు లేచింది. దాన్ని అణచివేసిన డాన్ జువాన్, 1571 అక్టోబర్ 7న లెపాంటో సముద్ర యుద్ధంలో తుర్కీ నౌకాదళాన్ని ఓడించి యూరప్ వీరుడయ్యాడు. 1609 నుంచి ఐదేళ్ళలో సుమారు మూడు లక్షల మంది మొరిస్కోలను ఓడలెక్కించి పంపేశారు.

లెపాంటోలో ఎడమ చెయ్యి చచ్చుబడిన సైనికుడొకడు తర్వాత నవల రాశాడు. పేరు సెర్వాంటిస్. 1615లో వచ్చిన ‘డాన్ కిహోటే’ రెండో భాగంలో, దేశం వదిలిన మొరిస్కో రికోటే యాత్రికుడి వేషంలో దొంగచాటుగా తిరిగొస్తాడు. దారిలో తన ఊరివాడు సాంచో ఎదురవుతాడు. సాంచో మొదట ఆనవాలు పట్టడు. పట్టాక ఇద్దరూ కూర్చుని తింటారు, తాగుతారు. దాచిపెట్టిన సొమ్ము తవ్వడానికి తోడు రమ్మంటే సాంచో రానంటాడు. కానీ నిన్ను పట్టించనులే అని మాటిస్తాడు.