మట్టిలో పురుగుమందు అవశేషాల వెలికితీత

రాయచూరు, బళ్లారి నల్లరేగళ్లలో ప్రత్తి, మిరపలపై చల్లిన పురుగుమందు కొంత మట్టిని అంటిపెట్టుకొని ఉండిపోతుంది. సాధారణ భూసార పరీక్షలో ఇది బయటపడదు. సుప్రీంకోర్టు 2011లో నిషేధించిన ఎండోసల్ఫాన్ నేలలో సల్ఫేటు రూపానికి మారి మరింత కాలం నిలుస్తుంది. కనుక రెండింటినీ వెదకాలి.

2003లో వెలువడిన క్వెచర్స్ పద్ధతి పండ్లు, కూరగాయల కొరకు రూపొందినది. వాటిలో నీరు సహజంగానే ఉంటుంది, పొడిమట్టిలో ఉండదు. అందుచేత జల్లించిన 10 గ్రాముల మట్టిని ముందుగా నీటితో తడిపి, 10 మిల్లీలీటర్ల ఎసిటోనైట్రైల్ ద్రావణి పోసి గట్టిగా కుదుపుతారు. తడపకపోతే బంకమట్టి రేణువులు మందును పూర్తిగా వదలవు, లెక్క తగ్గుతుంది. ఆ తగ్గుదల నేల శుభ్రతకు సాక్ష్యం కాదు. తరువాత 4 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు, ఒక గ్రాము ఉప్పు కలిపి సెంట్రిఫ్యూజులో తిప్పితే ద్రావణి పైకి తేరుతుంది. దానిని శుద్ధిచేసి గ్యాస్ క్రొమాటోగ్రాఫులో పరీక్షిస్తారు.

భూసార పరీక్షకు వలె నమూనాను ఆరబెట్టి పంపడం ఇక్కడ తగదు. ఎండకు కొన్ని మందులు ఆవిరవుతాయి, కొన్ని విచ్ఛిన్నమవుతాయి. గాజుసీసాలో మంచుగడ్డల నడుమ పంపాలి.