కుండ కాడి కాపలా

గద్వాలలో మధ్యాహ్నం మూడు దాటింది. గుంట మగ్గానికి ఎదురుగా, దూలానికి వేలాడే పంజరం ముందు నిలబడ్డారు మీరు. లోపల బడ్జీల జంట. బజారులో లవ్ బర్డ్స్ అనే పేరుతో అమ్ముతారు గానీ, ఇవి ఆస్ట్రేలియా పిట్టలు. రామచిలుకైతే పెంచడమే నేరం, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

నీళ్లగిన్నె తీద్దామని చెయ్యి పెట్టారు. మగది పక్కకు జరిగింది. ఆడది జరగలేదు. ఈకలు ఒంటికి అంటుకుపోయాయి, మెడ సాగింది, ముక్కు తెరుచుకుంది. గోరు పక్క చర్మం పట్టి మెలితిప్పింది.

"వేలు గుంజకు బిడ్డా," మగ్గం మీది నుంచే అంది అవ్వ. "కరిస్తే పోతరని దానికి ఎరుకైతది."

పళ్లు బిగబట్టారు. కాసేపటికి అదే వదిలింది. ఎర్రటి గాటు మిగిలింది.

అవ్వ లేచొచ్చి దాని ముక్కు పైభాగం చూపించింది. మగదానికి నీలంగా ఉన్నచోట దీనికి ముదురు గోధుమరంగు, పైగా గరుకు. గుడ్లకొచ్చింది. మూలన వేలాడే చిన్న మట్టికుండ ఇప్పుడు దాని గద్వాల కోట. మీ చెయ్యి సరిగ్గా ఆ ద్వారం ముందు నుంచే పోయింది. ముక్కు మీద చిటికేస్తే, మొహం మీద ఊదితే భయం పెరుగుతుంది తప్ప కొరుకుడు ఆగదు.

"గుడ్లింకా పెట్టలే. కుండ తీసేస్త. పొద్దుగూకంగనే గుడ్డ కప్పుత, మంచిగ పంటది."

కొమ్మలు నమలడం మాత్రం మాన్పించాల్సిన పనే లేదు. ముక్కు బతికినన్నాళ్లూ పెరుగుతుంది. మగది అప్పుడే వేపకొమ్మ బెరడును సన్నని పీలికలుగా చీల్చి కింద పారేస్తోంది, ఒక్కటీ మింగదు. కమ్మీకి సముద్రపు నురుగు (కటిల్‌బోన్) ముక్క కట్టి ఉంది, అంచంతా గాట్లే. అవ్వ భయమల్లా పట్టుపోగులతోనే: కాలికి చుట్టుకుంటే నెత్తురాడక వేలు ఎండిపోతుంది. అందుకే ఆసు, కండెలు పంజరానికి అందనంత దూరం.

నాగర్‌కర్నూలు నుంచి వచ్చిన కొర్రకంకి ఒకటి మీ చేతిలో పెట్టింది. విదేశాల్లో పిట్టల దుకాణాల్లో కట్టలుగా అమ్మేదీ ఈ కంకే. కాడ చివర పట్టుకుని, వేళ్లు కదపకుండా నిలబడ్డారు. మగది రెండడుగులు వేసి, ఆగి, ఒక గింజ ఒలిచింది. ఆడది కుండ వదలలేదు.

"దాని జోలికి ఇప్పుడు పోకు," అంటూ అవ్వ మళ్లీ గుంటలోకి దిగింది. "కుండ పోయినంక అదే వస్తది."