నందికొండ దారిలో లారీ బరువుకు హద్దులు

లారీ మోసే బరువుకు, దాని ఫిట్‌నెస్‌కు సంబంధించిన నియమాలకు 1939 నాటి మోటారు వాహనాల చట్టం పునాది వేసింది. రిజిస్ట్రేషన్‌లో నమోదైన మొత్తం బరువుతో పాటు ఒక్కో ఇరుసుపై పడే బరువు కూడా మించకూడదన్నది దాని మూలసూత్రం. అనుమానం వస్తే అధికారి లారీని కాటా వేయించవచ్చు.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసేనాటికి నందికొండ దగ్గర కృష్ణానదే రెండు రాష్ట్రాల సరిహద్దు. ఇటు నల్లగొండ హైదరాబాద్ రాష్ట్రంలో, అటు గుంటూరు ఆంధ్ర రాష్ట్రంలో ఉండేవి. 1956 నవంబరు 1న ఈ రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రంలో చేరడంతో ఆ హద్దు పోయింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి విస్తరించింది. మిర్యాలగూడ రైస్ మిల్లులకు, వాడపల్లి వైపు సిమెంటు కర్మాగారాలకు పేరుపడింది. ధాన్యం, బియ్యం, సిమెంటు లోడులతో ఈ ప్రాంతపు రోడ్లపై లారీల రద్దీ పెరిగింది.

అధిక లోడు రోడ్డును ఎంతగా దెబ్బతీస్తుందో 1958-60లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిగిన రోడ్డు పరీక్ష తేల్చింది. ఇరుసు బరువు పెరిగితే నష్టం సుమారు దాని నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే 10 టన్నులకు బదులు 12 టన్నులు వేస్తే రోడ్డు రెట్టింపు అరుగుతుంది. బ్రేకులు, టైర్లపై పడే భారం మనుషుల ప్రాణాలకే ముప్పు.

1989 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త మోటారు వాహనాల చట్టం తనిఖీ అధికారాన్ని స్పష్టం చేసింది. లారీ వెళ్లే దారికి 10 కిలోమీటర్లలోపు, లేదా గమ్యానికి 20 కిలోమీటర్లలోపు ఉన్న కాటాకు బండిని తీసుకెళ్లమని అధికారి ఆదేశించవచ్చు. కొన్ని రాష్ట్రాలు సొమ్ము కట్టించుకుని అధిక లోడును సాగనిచ్చే పద్ధతి పెట్టాయి. 2005 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. అదనపు సరుకు దింపాకే బండి కదలాలని ఆదేశించింది.

2018లో కేంద్రం పరిమితులను పెంచింది. రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు 16.2 నుంచి 18.5 టన్నులకు, మూడు ఇరుసులది 25 నుంచి 28.5 టన్నులకు చేరింది. అదే ఏడాది ఫిట్‌నెస్ గడువూ మారింది: ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా పరీక్ష. 2019 సవరణ అధిక లోడు జరిమానాను 2,000 నుంచి 20,000 రూపాయలకు, అదనపు టన్నుకు 1,000 నుంచి 2,000 రూపాయలకు పెంచింది.

2014లో తెలంగాణ ఏర్పడి, కృష్ణానది మళ్లీ సరిహద్దు కావడంతో నాగార్జునసాగర్, వాడపల్లి దగ్గరి విష్ణుపురం, కోదాడ వంటి చోట్ల రవాణా చెక్‌పోస్టులు వచ్చాయి. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఈ చెక్‌పోస్టులన్నింటినీ మూసివేసింది. అయినా బరువు నియమాలు యథాతథంగా ఉన్నాయి. అధిక లోడుతో బండి నడిపినవారితో పాటు నడిపించినవారినీ, నడపనిచ్చినవారినీ చట్టం బాధ్యులను చేస్తుంది. అందువల్ల మిల్లు, క్వారీ, సిమెంటు కర్మాగారం గేటు దగ్గరి కాటాలోనే బరువు సరిచూసుకోవడం యజమానికీ, సరుకు పంపేవారికీ తప్పనిసరి బాధ్యత.