పడుకునే ముందు మాత్ర

గుంటూరులో మందుల షాపు కౌంటరు వెనక ముప్పై ఎనిమిదేళ్లు నిలబడ్డాను. రాత్రి తొమ్మిది దాటాక ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని "మంటకి ఏదన్నా ఇవ్వండి" అంటూ రోజూ ఎవరో ఒకరు వచ్చేవారు. వాళ్లను చూస్తే మా నాన్న గుర్తొచ్చేవాడు. ఆయన తలాపున చెంబుడు నీళ్లు, వంటసోడా పొట్లం ఉండేవి. అర్ధరాత్రి పులుపు గొంతులోకి ఎగదన్నితే లేచి కూర్చుని చిటికెడు కలుపుకుని తాగేవాడు. పెద్ద తేన్పు వచ్చి మంట సర్దుకునేది. కాసేపటికి మళ్లీ మొదలు.

కడుపులో ఊరేది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని ఇంగ్లండు వైద్యుడు విలియం ప్రౌట్ 1824లోనే చెప్పాడు. అయినా చాలాకాలం వైద్యమంతా మా నాన్న సోడా లాంటిదే: ఊరిన ఆమ్లాన్ని విరిచెయ్యడం. 1915లో షికాగో వైద్యుడు బెర్‌ట్రమ్ సిప్పీ అల్సర్ రోగులకు గంటగంటకూ పాలు, మీగడ, మధ్యమధ్య క్షారపు పొడులు ఇచ్చాడు. పగలు సరే, నిద్రపోయేవాడికి గంటగంటకూ ఎవరు పోస్తారు?

అసలు ఆమ్లం ఊరకుండానే ఆపాలని జేమ్స్ బ్లాక్ 1964లో ఇంగ్లండులో పని మొదలుపెట్టాడు. ఆమ్లం ఊరమని కడుపుకి కబురు తెచ్చేది హిస్టమిన్. ఆ కబురు లోపలికి వెళ్లే తలుపు మూసెయ్యాలన్నది ఆయన ఆలోచన. మొదటి మందు బురిమమైడ్ నోటితో మింగితే సరిగా పనిచెయ్యలేదు. రెండోది మెటియమైడ్ కొందరిలో తెల్ల రక్తకణాలను పడగొట్టింది. మూడోది సిమెటిడిన్ 1976లో బ్రిటన్‌లో అమ్మకానికొచ్చింది. 1988లో బ్లాక్‌కు నోబెల్ దక్కింది. ఆ దారిలోనే రానిటిడిన్, ఫామోటిడిన్ వచ్చాయి. రాత్రి ఖాళీ కడుపులో ఆమ్లం ఊరడంలో హిస్టమిన్‌దే పెద్ద చెయ్యి. అందుకే ఇవి పడుకునే ముందు మాత్రలయ్యాయి.

1988లోనే స్వీడన్‌లో మరో దారిలో పనిచేసే ఒమెప్రజోల్ వచ్చింది. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్ల 'ఒమెజ్' అదే. ఒకసారి ఒకాయన ఆ గొట్టం మాత్ర విప్పి గసగసాల్లాంటి గుళికలు అరచేతిలో పోసుకుని, "నూరి వేసుకోవచ్చా?" అన్నాడు. వద్దన్నాను. ఒమెప్రజోల్‌ను కడుపులో ఆమ్లమే పాడుచేస్తుంది. ఆ గుళికల పైపూత పేగులోకి వెళ్లాకే కరగాలి. పైగా అది కడుపులో ఆమ్లాన్ని వదిలే పంపుల్లో పనిలో ఉన్నవాటినే ఆపగలదు, అవి భోజనంతో మేలుకుంటాయి. కాబట్టి తినడానికి అరగంట, గంట ముందు వేసుకోవాలి. అన్నం తిని పడక ఎక్కేముందు మింగితే చాలా బలం వృథా.

ఒమెప్రజోల్ లాంటివి రెండు పూటలా వేసుకున్నా కొందరికి రాత్రి ఆమ్లం మళ్లీ తలెత్తుతుందని 1990లలో గమనించారు. అలాంటివాళ్లకు డాక్టర్లు పడుకునే ముందు ఫామోటిడిన్ లాంటిది చేర్చడం మొదలుపెట్టారు. కానీ రోజూ వేసుకుంటే ఒంటికి అలవాటై దాని పట్టు సడలుతుంది. ఇక అదే జాతి రానిటిడిన్‌లో కల్మషం బయటపడటంతో 2020లో అమెరికా దాన్ని మార్కెట్ నుంచి తీసేయమంది.

మా నాన్న మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టింది మా అమ్మ. పడుకుంటే పులుపు పైకి పాకుతుంది, నిద్రలో దాన్ని కడిగే లాలాజలమూ తగ్గుతుంది. ఆ ఇటుకల వైద్యం నేటికీ నిలిచే ఉంది.

మాత్ర కొనేటప్పుడు పేరు ఒక్కటే అడక్కండి, వేళ కూడా రాయించుకోండి. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉంచండి. మంట వారాల తరబడి వదలకపోయినా, మింగడం కష్టమైనా, విరేచనం నల్లగా వచ్చినా మందుల షాపుకి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లండి.