జీను ఈదదు

బీచుపల్లి రేవున నిలిచి చూచువారికి నేడు కృష్ణపై వంతెనయు, దానిమీద హైదరాబాదునుండి కర్నూలు దిక్కునకు సాగు బండ్ల వరుసయు కానవచ్చును. ఏరు దాటుట నిమిషముల పని. వంతెన లేని దినములలో ఈ దాటుట ఒక పూట పని, వరద కాలమున ప్రాణములతో పని. దక్షిణపు గట్టున ఆంజనేయస్వామి గుడి. ఆ వెనుక కృష్ణా తుంగభద్రల నడుమ పరచుకొన్న నేల. దానినే మనవారు నడిగడ్డ యందురు. ఈ రెండేరుల నడిమి సీమకై విజయనగర ప్రభువులును, బహమనీలును, వారి తరువాత బిజాపురపు సుల్తానులును రెండు వందల యేండ్లకు పైగా పోరాడిరి. సేన యేదైనను ముందు నీటిని దాటవలెను. గుఱ్ఱము ఈదగలదు. దాని జీను ఈదదు.

ఈ చిన్న చిక్కును మన చరిత్ర గ్రంథములు పట్టించుకొనవు. కాని రౌతునకు అది చిన్నది కాదు. నీట నానిన జీనును ఎండలో పడవేసినచో సాయంకాలమునకు అట్టవలె బిగిసిపోవును. మరునాడు దానిని వేసి బిగించిన గుఱ్ఱపు వీపు పుండ్లు పడును. వీపు పుండైన గుఱ్ఱము వేయి వరహాలదైనను యుద్ధమునకు పనికిరాదు.

ఎగువన తుంగభద్రపై ఆనెగొంది రేవును 1520 ప్రాంతమున పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ చూచి వ్రాసినాడు. అచ్చటి పడవలు బుట్టలవలె గుండ్రనివి. లోపల బెత్తపు అల్లిక, వెలుపల తోలు. పదునైదు ఇరువదిమంది ఎక్కుదురు. అవసరమైనచో గుఱ్ఱములు, ఎద్దులు కూడ వానిలో దాటును గాని, అవి ఎక్కువగా ఈదియే పోవునట. తెడ్డు వేయుచుండగా పడవ గిరగిర తిరుగుచునే యుండును. మన పుట్టియే అది. 1803లో పూనా దిక్కునకు సేనలను నడిపిన ఆర్థర్ వెల్లెస్లీ, పిమ్మట వెల్లింగ్టన్ ప్రభువైనవాడు, తన ఫిరంగులను, సామగ్రిని ఏరులు దాటించుటకు ఇట్టి తోలు పుట్లనే కట్టించినాడు. కనుక గుఱ్ఱము నీట ఈదుచుండ, దాని జీను తోలు పుట్టిలో కూర్చుండి ఏరు దాటెడిదని ఊహించుట కష్టము కాదు. తోలును తోలే మోసినది.

గుఱ్ఱముల లెక్క మాత్రము మనకు చక్కగా దక్కినది. విజయనగర రాజు ఏటేట పదుమూడు వేల హొర్ముజు గుఱ్ఱములను కొనెడివాడని ఫెర్నావ్ నూనిజ్ వ్రాసినాడు. సాళువ నరసింహుని కాలమున ఓడలో చచ్చిన గుఱ్ఱము తోక తెచ్చి చూపినను వెల ఇచ్చెడివారట! చచ్చిన గుఱ్ఱపు తోకకు లెక్క యున్నది. బ్రతికిన గుఱ్ఱములపై వేసిన జీనులకు లెక్క లేదు. వానిని కుట్టినవారి ఊసు అసలే లేదు. గద్వాల కోట కట్టిన సోమనాద్రి కథయు అంతే. శత్రువుల చేజిక్కిన ఆయన గుఱ్ఱమును ఒక సాహసి తన చేతినే కోల్పోయి తిరిగి తెచ్చినాడని నడిగడ్డలో ఇప్పటికిని చెప్పుకొందురు. వినుచుండ ఒడలు గగుర్పొడుచును. ఆ గుఱ్ఱపు జీను మాట కథలో అడుగువారు లేరు.

ఆ జీను తోలు ఎట్లు తయారగునో చూతము. పచ్చితోలును సున్నపునీట నాననిచ్చి, వెండ్రుకలు గీచి తీసి, తంగేడు పట్ట కషాయములో వారములకొలది ఉంచుదురు. మన మెట్టలలో పచ్చగా పూచి బతుకమ్మలో కూర్చుండు తంగేడే యది. కరక్కాయయు వాడుక కలదు. పట్టలోని వగరు తోలును పట్టి కుళ్ళనీయదు. పిమ్మట నూనెయో కొవ్వో పట్టింతురు. తోలనగా సన్నని నారల అల్లిక. నారలు ఒకదానిపై నొకటి జారవలెనన్న కొంత తేమ, కొంత జిడ్డు ఉండవలెను. రెండును పోయినచో నారలు కరచుకొని తోలు బిగిసిపోవును, వంచిన చిట్లును. పాత ట్రాన్సిస్టరు రేడియోలకు తొడిగిన తోలు ఉఱలు ఇంట దాచుకొన్నవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు.

అట్లు ఎండిన జీను చేతికి వచ్చినప్పుడు మనకు తోచు మొదటి పని నూనె కుమ్మరించుట. అదియే తప్పు. ముందు పొడి కుంచెతో ధూళి దులిపి, కొంచెము సబ్బునీట పిండిన బట్టతో తుడిచి, నీడలో మెల్లగా ఆరనీయవలెను. పిమ్మట నూనె పలుచగా, ముఖ్యముగా లోపలి గరుకు వైపున రాచి, ఒక దినము వదలి, తోలు పీల్చుకొన్నదాని బట్టి మరల రాయవలెను. పొయ్యి దగ్గర, ఎండలో పెట్టరాదు. మెత్తబడకముందే వంచరాదు. అతిగా త్రాగిన తోలు సాగి, కుట్లు వదలును. కడుపు క్రింద బిగించు పట్టీ పగిలియున్నచో దానిని మార్చవలసినదే. రౌతు ప్రాణము దానిపై నున్నది. లోపలి కొయ్య చట్రము విరిగినదేమో నొక్కి చూడవలెను.

తోలు వ్రేలికి ఎఱ్ఱని పొడిగా రాలుచున్నచో కథ వేరు. అది లోలోపల ఆమ్లము తిన్న తోలు; ఏ నూనెయు దానికి ప్రాణము పోయదు. ప్రదర్శనశాలలవారు నేడు పాత తోలునకు నూనె రాయుటనే చాలవరకు మానినారు. ఏండ్లు గడచిన కొలది ఆ జిడ్డు ధూళిని పట్టి, పైకి చెమర్చి, తోలును మరింత గట్టిపరచునని వారి అనుభవము. ఎక్కి తిరుగు జీనునకు నూనె. చూచి దాచు జీనునకు నీడ. ఈ భేదము తెలియక మంచి వస్తువులను పాడుచేసినవారు కొల్లలు.

మన సాహిత్యమున తోలుపని కులమువాడు గుఱ్ఱముతో కూడి కనిపించు చోటు ఒకటి కలదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున వచ్చు మాదార చెన్నయ్య చోళరాజు గుఱ్ఱములకు గడ్డి కోసి తెచ్చువాడు. శివుడు ఆయన యింట అంబలి త్రాగినాడు. భక్తుడుగా ఆయన పేరు నిలిచినది. జీను కుట్టిన చేతులకు ఆ భాగ్యమును లేదు.

కృష్ణలో నేడు తిరుగు పుట్లకు తోలుకు బదులు ప్లాస్టిక్కు పట్టలు తొడుగుచున్నారు. పాత జీనులో మాత్రము ఆ చేతి గుర్తు ఇంకను చదువుకొనవచ్చును. కుట్టు తెగినచోట క్రొత్త దారము వేయువాడు ఆరెతో క్రొత్త రంధ్రము పొడువరాదు. పొడిచినచో పాత తోలు ఆ వరుస పొడవున చిరుగును. మొదట కుట్టినవాని ఆరె చేసిన రంధ్రములనే వెదకి, ఒక్కొక్కదానిలోనుండి సూది పోనీయవలెను.